లండన్ బడి కింద బోదె

వారం రోజులుగా పడుతున్న వాన ఆ ఉదయం కాస్త తెరిపిచ్చింది. లండన్ బడిలో చిన్నపిల్లలకి ఆ పూట పాఠం నీళ్ళల్లో గెంతడం. పచ్చవీ ఎర్రవీ ఊదావీ రబ్బరు బూట్లు తొడుక్కుని, సిమెంటు నేల మీద నిలిచిన మడుగుల్లో దబ్బుదబ్బున గెంతాలి. నీళ్ళు మొహాన చిందితే ఎలా ఉందో ఇంగ్లీషులో చెప్పాలి. లక్ష్మీతులసి భుజాన తువ్వాళ్ళు వేసుకుని గట్టు మీద నిలబడి, పిల్లల కంటే ఎక్కువగా నవ్వుతోంది. ఆమె మెడలో పసుపుతాడు ఇంకా రంగు మారలేదు. ఈ మధ్య ఆమెకి ఏది చూసినా నవ్వే. పొద్దున్న మొగుడు చొక్కా తిరగేసి తొడుక్కుని బస్సెక్కాడని నవ్వు. ఆ సంగతి తను చెప్పకుండా దాచినందుకు ఇంకా నవ్వు.

ఒక పిల్లాడు నిలువునా తడిసిపోతే బట్టలు మార్చడానికి పై అంతస్తుకి తీసుకెళ్ళింది. అక్కడి కిటికీలోంచి గోడ అవతల కనపడింది.

గోడ ఇవతల ఆటస్థలం. ఎక్కడినుంచో తెప్పించి పరిచిన పచ్చిక. దాని మూల ఒక మోటారు గుడగుడమని ఆడుతోంది. పచ్చిక మీద నిలిచిన నీళ్ళని లాగి, లావుపాటి గొట్టంతో గోడ మీదుగా అవతలికి కక్కుతోంది. గోడ అవతల తులసి కాపురం చేస్తున్న నూకాలమ్మ పేట. అక్కడ నీళ్ళు నడుందాకా ఉన్నాయి. ఆ నీళ్ళల్లో ఒక ముసలమ్మ మట్టిపొయ్యి నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. గొట్టంలోంచి పడే ధార సరిగ్గా ఆవిడ వాకిట్లోనే పడుతోంది. ఆవిడ ఒక చేత్తో పొయ్యి పట్టుకుని, రెండో చెయ్యి గోడ వైపు ఊపుతూ ఏదో తిడుతోంది. అద్దాల కిటికీ కనక తిట్టు వినపడలేదు.

ఆవిడ వీరాయమ్మ. తులసి మొగుడు ముత్యాలరాజుకి నాయనమ్మ. వాళ్ళిద్దరి గుమ్మం పక్క గుమ్మమే ఆవిడది.

తులసి నవ్వు అక్కడితో ఆగింది.

బడికి ఇత్తడి అక్షరాలతో వేరే పేరుంది గాని ఊళ్ళో ఎవరూ ఆ పేరు పలకరు. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే రోడ్డు పక్కన, మెరక చేసిన స్థలంలో రెండు తెల్లటి మేడలు. ఎడమ మేడలో బ్రిటన్ చదువు, కుడి మేడలో అమెరికా చదువు. అమెరికా ఏమనుకుంటుందోనన్న దిగులు లేకుండా జనం మొత్తాన్నీ లండన్ బడి అనేశారు. ఆయాలు, డ్రైవర్లు, వంటవాళ్ళు, వాచ్‌మన్లు అందరూ పేటవాళ్ళే. డిగ్రీ చదివింది కనక తులసి మాత్రం టీచర్ల వెనకాల కాయితాలు పంచే టీచరు. ముత్యాలరాజు బస్సు డ్రైవరు. రోజూ పిల్లల్ని దింపడానికి ఆమె అదే బస్సులో వెనక సీట్లో కూర్చుంటుంది. అతని తల మీద ఉండే అద్దంలో ఇద్దరి చూపులూ కలుస్తాయి. మలుపు తిరిగినప్పుడల్లా అతను అవసరం లేకపోయినా రెండుసార్లు హారన్ కొడతాడు. ఆ రెండో హారన్ తనకే అని ఆమెకి తెలుసు. ఆ బస్సూ, ఆ అద్దమూ పోతాయేమోనన్న భయం ఎంత పెద్దదో అప్పటికి ఆమెకి తెలీదు.

ఆ మధ్యాహ్నం లండన్ వైపు పెద్ద క్లాసులో భూగోళం. తులసి కాయితాల కట్ట విప్పి పంచుతూ, మొదటి దాని మీదే చూపు ఆపేసింది. మేడ మీంచి తీసిన ఫొటో. నీళ్ళల్లో మునిగిన ఇళ్ళు. మధ్యలో నీలం పరదా కప్పిన ఒక ఇల్లు, దాని చూరు కింద ఆరేసిన చిలకాకుపచ్చ చీర. పెళ్ళిలో మేనత్త పెట్టిన చీర అది. ఫొటో కింద ప్రశ్న: ఈ ప్రజలు ఇలాంటి చోట ఎందుకు నివసిస్తున్నారు? వారికి ఏమి నేర్పాలి?

క్లాసులో ఎవరికీ అది కాయితాలు పంచుతున్న టీచరమ్మ ఇల్లని తెలీదు. ఆమె చెప్పలేదు. అందరికీ తలో కాయితం ఇచ్చింది. చివరి బెంచీ దాకా.

అమెరికా వైపు పిల్లలు అదే సమయానికి పేటలో పంచడానికి బిస్కెట్ పొట్లాలు కడుతున్నారు. సమాజసేవ చేస్తే వాళ్ళకి మార్కులు. ఈ మేడలో మన మీద పాఠం, ఆ మేడలో మన మీద దయ, మధ్యలో మన ఇంట్లోకి నీళ్ళు పోసే మోటారు. తులసి ఆ మాట పైకి అనలేదు. సాయంత్రం బస్సెక్కేముందు మేనేజరు బాబూరావు దగ్గరికి మాత్రం వెళ్ళింది.

"సార్, ఆ గొట్టం మా మామ్మ గుమ్మంలో పడుతోందండి. కొంచెం పక్కకి జరిపించండి."

బాబూరావు పేటలోనే పుట్టాడు. ఇప్పుడు అమలాపురంలో ఉంటాడు. "ఎల్లుండి విదేశాల నుంచి తనిఖీకి వత్తన్నారమ్మా," అన్నాడు. "పచ్చిక ఆరకపోతే చైర్మన్ గారు నా తోలు ఆరేత్తారు. రెండ్రోజులు ఓర్చుకోమను మీ మామ్మని."

"ఆయ్," అంది తులసి. అలవాటుగా వచ్చేసిందా మాట.

ఇంటికెళ్తూ మొగుడూ పెళ్ళాం చెప్పులు చేత్తో పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నీళ్ళల్లో నడిచారు. ఒక చేప అతని కాలికి తగిలి అతను గావుకేక పెడితే, ఆమె అంత దిగులులోనూ నవ్వింది. వీరాయమ్మ మంచం మీద మంచం వేసుకుని, పై మంచం మీద కూర్చుని ఉంది.

"నవ్వండి నవ్వండి," అంది ముసలమ్మ. "నా పొయ్యి కరిగిపోయింది. ఒరే ముత్యాలూ, నీ లండనోళ్ళకి చెప్పు, రేపు ఆ గొట్టం ఇంకా ఇక్కడే ఉంటే నేనే ఈడ్చి పారేత్తాను."

అన్నంత పనీ చేసింది. తెల్లవారగానే నీళ్ళల్లోకి దిగి గోడ దగ్గరికి వెళ్ళి గొట్టం మీద చెయ్యేసింది. పొడవెక్కువైన మోటారు తీగ గోడ మీదుగా వచ్చి ఆ గొట్టానికే చుట్టి ఉంది. మధ్యలో అతుకు, అతుకు మీద ఊడిన టేపు. ఆవిడ ఒక్క అరుపు కూడా అరవలేదు. అలా గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ముత్యాలరాజు ఎండు కొబ్బరిమట్ట అందుకుని నీళ్ళల్లో పరిగెత్తి, తీగని కొట్టి విడదీశాడు. అప్పటికే ఆవిడ లేదు.

పేట అంతా గోడ దగ్గరికి చేరింది. అందరి కళ్ళ ముందే గోడ మీదుగా గొట్టం అవతలికి పాకింది. తీగ కూడా పాకింది. అవతల ఎవరో లాగేసి చుట్ట చుట్టేస్తున్నారు. ఎస్సై వచ్చేసరికి గోడ మీద తడి మరక తప్ప ఏమీ లేదు.

"వయసు మళ్ళిన మనిషి కదయ్యా, గుండె ఆగి ఉంటుంది," అన్నాడు ఎస్సై.

"మేం చూసేమండి. తీగ ఉంది," అన్నాడు ముత్యాలరాజు.

"ఏదీ?" అన్నాడు ఎస్సై.

పేటలో ఎత్తైన అరుగున్నది చర్చి ఒక్కటే. వీరాయమ్మని అక్కడ పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి బడి చైర్మన్ సుబ్రహ్మణ్యేశ్వరరావు వచ్చాడు. ఒక మనిషి వెనకనుంచి గొడుగు పట్టాడు, ఇంకో మనిషి ముందు నడుస్తూ నీటిలోతు చూశాడు. ఆయన ఎవరినీ ఎప్పుడూ ఏకవచనంతో పిలిచి ఎరగడు. అంత మర్యాదస్తుడు.

"పెద్దావిడ పోవడం నాకూ బాధే అండీ," అన్నాడు. "కానీ ఆవిడకి ఆ గోడ దగ్గరేం పని చెప్పండి? సరే, అయిందేదో అయింది. మీ సమాధుల దొడ్డి నీళ్ళల్లో ఉంది. పాతిపెట్టడానికి చోటు లేదు. నేను వ్యాన్ ఇస్తాను. అమలాపురంలో చోటు మాట్లాడేను. రేపు పొద్దున్నే తీసికెళ్ళిపోండి. కుటుంబానికి నాకు తోచింది ఇస్తాను. రేపు మాత్రం గొడవొద్దు, దొరలొస్తారు. మీ ఇళ్ళల్లో ఉద్యోగాలన్నీ ఆ బడివే కదండీ."

చెప్పాల్సింది చెప్పి, వచ్చిన దారినే గొడుగు కింద వెళ్ళిపోయాడు.

వాదన మొదలైంది. చర్చిలో నేల చాలక కిటికీలకి వేళ్ళాడుతూ నిలబడ్డారు జనం.

"ఒప్పేసుకుందాం," అన్నాడు కనకరాజు. బడిలో వంటమేస్త్రీ. "పోయిన మనిషి రాదు. ఉన్న పని పోతే మళ్ళీ రాదు. నా కూతురు ఆయా, అల్లుడు డ్రైవరు. ఒక్క మాటతో ముగ్గురం రోడ్డున పడతాం."

"అంటే మామ్మ ఒంట్లోకి కరెంటు పెట్టినోడే మామ్మని ఎక్కడ పాతాలో కూడా చెబుతాడా?" ముత్యాలరాజు లేచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను బస్సు తీసుకెళ్ళి తిన్నగా ఆడి కారుకే కొడతాను. ఆ బాబూరావుగాణ్ణి నీళ్ళల్లో ముంచుతాను. ఎవడొత్తాడో రండి."

కుర్రాళ్ళు పది మంది లేచారు. తులసి అతని చొక్కా పట్టుకుంది. నిన్న తిరగేసి తొడుక్కున్న చొక్కానే. అతను ఇప్పటికీ చూసుకోలేదు.

"కూర్చోరా," అంది ఎలీసమ్మ.

ఎలీసమ్మ బడిలో ఆయా. అంతకుముందు కువైట్‌లో చాలా ఏళ్ళు ఇళ్ళల్లో పనిచేసి వచ్చింది. అక్కడ జీతం ఎగ్గొట్టిన మేడం గురించి ఇప్పటికీ ఆవిడ కత్తిపీట మీద కూర్చున్నప్పుడల్లా చెబుతుంది. బెండకాయలు తరుగుతూ చెబుతుంది, చూసేవాళ్ళకి మేడమే గుర్తొస్తుంది.

"ఆణ్ణి కొడితే ఏమవుద్ది? ఆస్పత్రిలో పడుకుంటాడు, పళ్ళు పట్టుకుని దొరలొత్తారు. నువ్వు జైల్లో ఉంటావు, ఈ పిల్ల గుమ్మంలో ఉంటుంది. నీళ్ళు మాత్రం మన ఇంట్లోనే ఉంటాయి. పగ తీర్చుకోవాలంటే ఆడికి ఎక్కడ నెప్పో అక్కడ కొట్టాలి. ఆ నీళ్ళు ఎందుకు నిలిచాయో ముందది చెప్పండి. చెప్పరేం?"

అందరికీ తెలుసు.

"నేను చెబుతాను," అంది ఎలీసమ్మ. "పేటలో నీళ్ళని పెద్ద డ్రైనులోకి తీసుకెళ్ళే బోదె ఉండేది. మా తాతల కాలం నుంచీ ఉండేది. దాన్ని పూడ్చిందెవరు? చైర్మన్ గంప మోశాడా? నేను మోసేను. కనకరాజు మోశాడు. ముత్యాలూ, ట్రాక్టరుతో మట్టి తోలింది నువ్వు. బడొత్తాది, ఇంటికో ఉద్యోగం వత్తాది అన్నారు. ఆయ్ అన్నాం. ఆఖరి గంప వేసినప్పుడు మనమే కొబ్బరికాయ కొట్టుకున్నాం, ముక్కలు పంచుకు తిన్నాం. ఈవిడ కూడా తింది." ఆవిడ వీరాయమ్మ కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టింది. "మన చేత్తో పూడ్చిన బోదె మన మనిషిని మింగింది. మరి మన చేతులు ఏమయ్యాయి ఇప్పుడు?"

"అది గోడలోపల ఉంది కదా అత్తా. బడి స్థలం," అన్నాడొకడు.

"మేడల కింద లేదు. పచ్చిక కింద ఉంది."

ఆ మాటకి జనంలో ఒక కదలిక వచ్చింది. కనకరాజు తల అడ్డంగా ఊపాడు. "అది తవ్వితే కేసులవుతాయి. పని పోద్ది. చదువుకున్న పిల్ల, తులసీ, నువ్వు చెప్పమ్మా. నీ మాటంటే బడిలో కాస్త విలువుంది."

నాలుగు గోడలు, కొత్త గిన్నెలు, బస్సులో అద్దం. అవన్నీ ఒక్కసారి తులసి కళ్ళ ముందుకొచ్చాయి. తర్వాత నిన్నటి కాయితం వచ్చింది. చివరి బెంచీ దాకా పంచిన తన చేతులు వచ్చాయి.

"నిన్న క్లాసులో మన పేట ఫొటో పంచేరు," అంది. "నేనే పంచేను. అందులో మా ఇల్లుంది. నా చీరుంది. మామ్మ గుమ్మం ఉంది. వీళ్ళు ఇలాంటి చోట ఎందుకుంటారు, వీళ్ళకి ఏం నేర్పాలి అని పిల్లల్ని అడిగేరు. ఒకడు రాశాడు, శుభ్రత నేర్పాలని. ఒకమ్మాయి రాసింది, ఈత నేర్పాలని. దానికి టీచరు బాగుందని మార్కు వేసింది." ఆమె మొగుడి చొక్కా వదిలేసింది. "మోటారు మాట ఏ కాయితంలోనూ లేదు. మన చావు కూడా రేపు వాళ్ళకి పాఠమే అవుతుంది. నాకు ఆ బడిలో విలువేమీ లేదు బాబాయ్. నేను వాళ్ళకి కాయితాలు పంచే చెయ్యిని. అంతే."

వెనకనుంచి ఒక ముసలాయన అడిగాడు: "ఈత నేర్పాలా?"

"ఆయ్, ఈతండి," అంది తులసి.

ముందు ఎవరో నవ్వారు. తర్వాత ఆ నవ్వు పాకింది. అది మంచి నవ్వు కాదు. ఆ నవ్వు వింటే చైర్మన్ ఆ రాత్రికే ఊరొదిలేవాడు. నవ్వుల మధ్య కనకరాజు లేచి, తుండుగుడ్డ నడుముకి బిగించి, "పారలు ఎన్నున్నాయి?" అన్నాడు.

పొద్దున్న బస్సులు పిల్లల్ని బడిలో దింపేశాక, వీరాయమ్మని పెట్టెలో పెట్టి భుజాలకెత్తుకున్నారు. చైర్మన్ పంపిన వ్యాన్ రోడ్డు మీద తలుపులు తెరుచుకుని ఎదురుచూస్తోంది. పెట్టె దాన్ని దాటి, తిన్నగా లండన్ బడి గేటు ముందుకి వెళ్ళింది. వాచ్‌మన్ పేటవాడే. తాళం తీసి, తాళంచెవి మడుగులోకి విసిరి, తనూ వరసలో నిలబడ్డాడు. వంటగదిలోంచి వంటవాళ్ళు పొయ్యిలార్పి వచ్చారు. ఆయాలు ఏప్రన్లు విప్పి గేటుకి తగిలించారు. ఎలీసమ్మ ఇద్దరిని మాత్రం వెనక్కి పంపింది. "పసిపిల్లలు ఏడుత్తారు, లోపలుండండి. పిల్లల మీద మనకి పగలేదు."

బోదె తవ్వడం కోనసీమలో ఎవరికీ నేర్పక్కర్లేదు. నీళ్ళున్న వైపునుంచి మొదలుపెడితే నీళ్ళు మీద పడతాయి. అవతలి కొస, అంటే పెద్ద డ్రైను గట్టు నుంచి మొదలుపెట్టి, నీళ్ళ వైపుకి రావాలి. చివర కొంచెం కట్ట ఉంచి, దాన్ని ఆఖర్న కొట్టాలి. మగాళ్ళు పారలతో తవ్వుతుంటే, ఆడవాళ్ళు వరసకట్టి గంపలు చేతులు మార్చారు. వీరాయమ్మ పెట్టెని పచ్చిక నడిబొడ్డున బల్ల మీద ఉంచారు, తవ్వేది ఆవిడ చూడాలన్నట్టు.

పచ్చిక చాపలా చుట్టుకుని లేచింది. చాలా తేలిగ్గా లేచింది, దానికి ఈ మట్టిలో వేళ్ళే పట్టలేదు. దాని కింద ముత్యాలరాజు తోలిన ఎర్రమట్టి. దాని కింద నల్లటి బురద. ఆ బురద వాసన ముక్కుకి తగలగానే ముసలాళ్ళు "బోదే, బోదే" అని అరిచారు. ముత్యాలరాజు పార వేగం చూసి తులసి గంప అందిస్తూ అంది: "బావా, చొక్కా తిరగేసి ఉంది. రెండ్రోజులనుంచీ."

అతను ఒకసారి చూసుకున్నాడు. "ముందే చెప్పొచ్చు కదే."

"నవ్వుకోడానికి దాచుకున్నా."

అతను చొక్కా విప్పి గట్టు మీద పారేసి మళ్ళీ తవ్వాడు. మేడల కిటికీల నిండా పిల్లల మొహాలు. ఈ పాఠం ఎవరూ పంచలేదు, ఎవరూ ఆపలేకపోయారు.

సగం తవ్వేసరికి తెల్లకారు వచ్చింది. ఇద్దరు దొరలు, ఒక దొరసాని. వాళ్ళ వెనక చైర్మన్, ఆయన వెనక గొడుగు. దొరసాని తవ్వుతున్న జనాన్నీ, మధ్యలో బల్లనీ చూసి ఏదో అడిగింది. చైర్మన్ చిరునవ్వు చెదరనివ్వలేదు. ఊరి జనం శ్రమదానం చేస్తున్నారనీ, తమ బడి ప్రోత్సహిస్తుందనీ ఇంగ్లీషులో చెప్పాడు.

ఎలీసమ్మ గంప కింద పడేసింది. కువైట్‌లో నేర్చిన ఇంగ్లీషు అంతా గొంతులోకి తెచ్చుకుంది.

"నో మేడం! లయ్యింగ్! హిజ్ మోటర్ కిల్డ్ అవర్ ఓల్డ్ మదర్! దట్ బాక్స్, అవర్ మదర్! దిస్ వాటర్, హిజ్ వాటర్!"

దొరసాని మొహం పాలిపోయింది. ఒక దొర ఫోన్ తీసి ఫొటో తీయబోయాడు. "తియ్యి బాబూ, తియ్యి," అంది ఎలీసమ్మ తెలుగులో. "మాకు అలవాటే. కానీ ఈసారి ప్రశ్న కూడా సరిగ్గా రాయి." కారు తలుపులు ధడధడ వేసుకుని వచ్చిన దారినే పోయింది.

అప్పుడు చైర్మన్ మర్యాద ఊడిపోయింది. "ఒరేయ్, అలగా నాయాళ్ళారా!" అన్నాడు. ఇన్నేళ్ళకి మొదటిసారి. జనం ఒక్క క్షణం పారలు ఆపి విన్నారు.

"ఆయ్, ఇప్పుడు తెలిసిందండీ తమరి గొంతు," అన్నాడు కనకరాజు, చేతులు కట్టుకుని.

పోలీసు వ్యాన్లు వచ్చేసరికి బోదె గోడ దాకా వచ్చేసింది. మిగిలింది కట్ట, దాని మీద గోడ. ఎస్సై తన మనుషుల్ని కట్ట ముందు వరసగా నిలబెట్టాడు. "ఒక్క పార పడినా లాఠీ పడుద్ది," అన్నాడు.

తవ్వేవాళ్ళు పారలు దించేశారు. ఒక్కరూ ముందుకి రాలేదు. ఎస్సైకి అది ఆశ్చర్యంగానే ఉంది. జనం ఇంత తొందరగా మాట వింటారని అనుకోలేదు. చైర్మన్ నుదురు తుడుచుకున్నాడు.

"అయిపోయిందా ఎలీసమ్మ గారూ?" అన్నాడు, మర్యాద మళ్ళీ వెతుక్కుని.

"ఆయ్, మా వైపు అయిపోయిందండి," అంది ఎలీసమ్మ. "అవతలి వైపు వినండి."

గోడ అవతలనుంచి టక్, టక్ అని చప్పుడు వస్తోంది. ఒకటి కాదు, వందో రెండొందలో. కొబ్బరికాయలు వలిచే గునపం పేటలో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దొరల కారు వెళ్ళగానే తులసి గంప వదిలి అవతలికి తీసుకెళ్ళిన ఆడవాళ్ళంతా నడుంలోతు నీళ్ళల్లో నిలబడి, ఆ గునపాలతో గోడ పునాదిని పొడుస్తున్నారు. పోలీసులు గేటు దాటి, రోడ్డు చుట్టి, ఆ నీళ్ళల్లోకి దిగి రావాలంటే ఎంతసేపు పడుతుందో ఎస్సై లెక్క వేసుకునే లోపల, గోడ కింద నల్లటి నీటి చార ఒకటి బయటికి పాకింది. పోలీసులు దాన్ని చూసి తామే పక్కకి తప్పుకున్నారు.

తులసి ఒక చేత్తో గోడకి ఆనుకుంది. నిన్న మామ్మ నిలబడిపోయిన చోటే అది. "ఇది నీ పొయ్యికి," అని గునపం దింపింది. లాగి మళ్ళీ దింపింది. "ఇది నీ తిట్టుకి." పక్కన ఎవరో "ఇది నా బియ్యానికి" అన్నారు. ఇంకెవరో "ఇది నా బిడ్డ జొరానికి" అన్నారు. ప్రతి పోటుకీ ఒక పేరు. అలా పేట పగంతా ఆ గోడలో దిగింది.

"పక్కకి!" అని కేక పెట్టింది తులసి. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని రెండు వైపులా తప్పుకున్నారు. ఇవతల మగాళ్ళు వీరాయమ్మ పెట్టెని భుజాలకెత్తుకుని మెరక మీదికి జరిగారు. గోడ ముందు కొంచెం వంగింది, ఆలోచించినట్టు. తర్వాత ఒక్కసారిగా పచ్చిక మీదికి పడింది. నీళ్ళు దాని మీదుగా దూకాయి. వారం రోజులుగా పొయ్యిల్లో, మంచాల కింద, గింజల గాదెల్లో కూర్చున్న నీళ్ళన్నీ బోదెలో పడి, ఎర్రమట్టిని కోసుకుంటూ, చుట్టలు చుట్టుకున్న పచ్చికని ఎత్తుకుపోతూ డ్రైను వైపు పరిగెత్తాయి. ఆ చప్పుడులో చైర్మన్ ఏం అరిచాడో ఎవరికీ వినపడలేదు. చర్చి అరుగు మీద ఎవరో డప్పు అందుకున్నారు.

సాయంత్రానికి పేటలో గుమ్మాలు బయటపడ్డాయి. సమాధుల దొడ్డిలో ముందు శిలువల తలలు, తర్వాత మట్టిదిబ్బలు, తర్వాత నేల లేచాయి. బురదగానే ఉంది గాని అది వాళ్ళ నేల. జనం చుట్టూ అంత దట్టంగా ఉంటే పోలీసులు చెయ్యి వేయలేక గట్టు మీద నిలబడి చూశారు. వీరాయమ్మని పాతిపెట్టి, ఆవిడ నెత్తి వైపు కరిగిపోయిన పొయ్యి తాలూకు మూడు గడ్డల్నీ పెట్టారు. ముత్యాలరాజు చేత్తో మట్టి సర్దాడు. "ఎవరూ నిన్ను ఎక్కడికీ తీసుకుపోలేదు మామ్మా," అన్నాడు.

అక్కడే, చేతుల మట్టి కడుక్కోకముందే అరెస్టులు మొదలయ్యాయి. ఎలీసమ్మ, కనకరాజు, ముత్యాలరాజు, ఇంకా కుర్రాళ్ళు. మేనేజరు బాబూరావు వేలు పెట్టి చూపించిన వాళ్ళందరూ. తులసిని చూపించేముందు అతని వేలు ఒక్క క్షణం తడబడింది. తులసే ముందుకొచ్చింది.

"నేనూ ఉన్నానండి. గోడ నాది."

బాబూరావు తల దించుకున్నాడు. పేటలోనే ఉంటున్న అతని తల్లి అతన్ని దాటి వెళ్ళి పోలీసుల ముందు నిలబడింది. "నన్నూ ఎక్కించండి, గునపం నాది," అంది. కొడుకు వైపు చూడలేదు. ఆవిడ వెనక ఇంకొకావిడ, ఆవిడ వెనక ఇంకొకావిడ. వ్యాన్లు చాల్లేదు. మిగిలినవాళ్ళు వ్యాన్ల వెనక నడవడం మొదలుపెట్టారు.

తులసికి వ్యాన్లో వెనక మూల చోటు దొరికింది. ముత్యాలరాజు ముందు వైపు, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య. డ్రైవరు తల మీద అద్దం ఉంది. అందులో అతని కళ్ళు ఆమె కోసం వెతికి, దొరకబుచ్చుకున్నాయి. ఒంటి నిండా బురద, చొక్కా లేదు. ఆమెకి ఎక్కడినుంచో నవ్వొచ్చింది.

మలుపు దగ్గర లండన్ బడి బస్సులన్నీ రోడ్డుకి అడ్డంగా నిలబెట్టి ఉన్నాయి. డ్రైవర్లు సీట్లలోంచి కదల్లేదు. పోలీసు వ్యాన్ ఆగింది. ఒక్కో బస్సూ హారన్ కొట్టింది. రెండేసిసార్లు.

బస్సుల అవతల రోడ్డు నిండా మనుషులు వస్తున్నారు. భుజాల మీద పారలు. ముందు నడుస్తున్నాయన తలపాగా సర్దుకుంటూ వ్యాన్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, మేం డ్రైను దిగువ పేటవాళ్ళం," అన్నాడు. "మీ నీళ్ళు మా దగ్గరికొచ్చి ఆగేయి. మా దగ్గర డ్రైనుని రొయ్యల చెరువులవాళ్ళు పూడ్చేసేరు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?"

తులసి కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటికి పెట్టి, సముద్రం వైపు చూపించింది.

"కింది కొస నుంచండి," అంది. "మీరు మొదలుపెట్టండి. మేం వచ్చేస్తాం."